మిషన్ చాచీ, కోట ఆట

మిషన్ చాచీ పోయిందని మొన్న శుక్రవారం పొద్దున యాదగిరి ఫోన్ చేసి చెప్పాడు. యాదగిరి నా చిన్ననాటి జతగాడు, ఇప్పుడు మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. "నిద్రలనే పోయిందంట," అన్నాడు. తర్వాత అతనే, "కోట కేసెట్లు ఇంక ఉన్నయో లేవో," అన్నాడు. చావు కబురు చెప్పి వీడియో గేమ్ కేసెట్ల సంగతి అడిగేవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు ఏడుపొచ్చింది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తొంభైలలో రామన్నపేటలో మా సందు మొదట్లో ఆమె ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషన్, దానికి ఎదురుగా కలర్ టీవీ, టీవీ కింద ఆట డబ్బా. టీవీ, డబ్బా సౌదీలో పనిచేసే ఆమె అన్న తెచ్చినవి. బడి వదలగానే పిల్లలమంతా అక్కడే. ఇంకెక్కడి వీడియో గేముల దుకాణానికీ ఆడపిల్లను పంపేవాళ్ళు కాదు. చాచీ జాకెట్లు కుట్టే ఇల్లు కాబట్టి నన్ను పంపారు.

ఆమె ఒక్కనాడూ ఆట ఆడలేదు. కాలు మిషన్ మీద, చెయ్యి బట్ట మీద, కన్ను మాత్రం టీవీ మీద. దారం పంటితో తెంపుతూ, "గా పోరడు మళ్ల గుంతల పడ్డడు సూడు," అనేది. పోరడంటే ఆటలోని హీరో. టీవీలో కథ మధ్యమధ్య ఏవో అక్షరాలు వచ్చేవి. అవి ఉర్దూ అయ్యుంటాయని ఒకసారి చదవమన్నాం. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, దగ్గరికొచ్చి, చాలాసేపు చూసి, "గిది మాది గాదు బేటా. ఎవ్వరిదో పాపం," అని వెళ్ళి కూర్చుంది.

అట్లా అక్షరం ముక్క తెలియకుండా, బొమ్మలు చూసి మేమే కథ అల్లుకున్నాం. మాకు ప్రాణమైన ఆట కోట. దానివి రెండు కేసెట్లు. ముందు ఏడాది వచ్చినదాన్ని ఒకటోది అన్నాం, మరుసటి ఏడాది వచ్చినదాన్ని రెండోది అన్నాం. చాచీ మిగిలిపోయిన జాకెట్ గుడ్డతో రెండింటికీ సంచులు కుట్టి, ఒకదాని మీద ఎర్ర దారంతో ఒక గీత, ఇంకోదాని మీద రెండు గీతలు కుట్టింది.

రెండు ఆటల్లోనూ ఎర్ర శాలువా కప్పుకున్న ఒక ఆడమనిషి ఉంది. మేం శాలువామె అనేవాళ్ళం. ఒకటో కేసెట్‌లో ఆమె శత్రువుల కోటలో ఉండి హీరో మీదికి కత్తి దూస్తుంది. రెండోదాంట్లో ఆమె హీరో ఊరి మనిషి. అతను ఏట్లో మునిగిపోతుంటే ఒడ్డుకు లాగుతుంది. చివర్లో మాత్రం సొంతవాళ్ళే కోట తలుపు మూసేస్తారు, ఆమె బయటే ఉండిపోతుంది.

ఈ శాలువామె ఎటువంటిది? దీని మీద మాకు ఏడాది పాటు గొడవ. ఆమె ద్రోహి అని నేను. సొంత ఇల్లు విడిచి శత్రువులతో కలిసింది, తర్వాత సిగ్గు లేకుండా తిరిగొచ్చింది, తలుపు మూసి మంచిపని చేశారు. యాదగిరి ఒప్పుకోలేదు. ఏట్లోంచి లాగినామె చెడ్డది ఎట్లవుతుంది, వీళ్ళిద్దరూ వేరువేరు మనుషులు, కావాలంటే చూడు, ఒకటోదాంట్లో శాలువా భుజం మీద నీలం చదరం ఉంది, రెండోదాంట్లో లేదు అనేవాడు. అది బొమ్మ వేసినవాడి పొరపాటు అని నేను కొట్టిపారేసేదాన్ని. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. చివరికి మేమిద్దరం మాటలు మానేశాం. సందులో పిల్లలు చెరో దిక్కు చీలిపోయారు.

చాచీ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. ఆట గురించి ఎవరు ఏమన్నా నోటితో వాదించకూడదు, అక్కడిదాకా ఆడి టీవీలో చూపించాలి. "సూపి మాట్లాడు," అనేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచే. అందుకని చాలా వాదనలు సగంలోనే చచ్చిపోయేవి.

ఒక ఆదివారం పొద్దున యాదగిరి ఎవరితోనో, నాకు వినబడేటట్టు, "శాలువామె మంచిదే," అన్నాడు. నేను ఆగలేకపోయాను.

"మంచిదైతే ఏంది? చాచీ గూడ మంచిదే. గనీ మొగుణ్ణి ఇడిచిపెట్టే వచ్చింది గద. మా అవ్వ చెప్పింది."

మిషన్ ఆగింది. కుట్టు మధ్యలో అది అట్లా ఉన్నట్టుండి ఆగడం మేమెప్పుడూ వినలేదు. నేనన్నది చెడ్డ మాట అని కూడా అప్పటిదాకా నాకు తట్టలేదు. పన్నెండేళ్ళకు ఆ మాత్రం తట్టాలి. నాకు తట్టలేదు.

చాచీ నా దిక్కు చూడలేదు. చేతిలోని జాకెట్ మడిచి పక్కన పెట్టి, "రెండోది పెట్టుండ్రి. తలుపు మూసేదాక ఆడుండ్రి," అంది.

నేను మొదలుపెట్టాను. ఆటలో నాలుగో మెట్టు దాటలేకపోయాను. చివరిదాకా ఆడగలిగినవాడు మా సందులో ఒక్కడే. మాట్లాడకుండా రిమోట్ యాదగిరి ముందు పెట్టాను. అతనూ మాట్లాడకుండా తీసుకున్నాడు. ఒకసారి కరెంటు పోయింది. ఎవరూ లేచి వెళ్ళలేదు. వచ్చాక అతను మళ్ళీ మొదటినుంచి ఆడాడు.

కోట తలుపు మూసుకుంది. గోడ మీదినుంచి, సొంత గోడ మీదినుంచి, ఒక బాణం వచ్చి శాలువామె భుజానికి తగిలింది. ఆ చోటికి చేరగానే ఆట గెలిచామని మేం చప్పట్లు కొట్టేవాళ్ళం, లేచి గంతులేసేవాళ్ళం. బాణం తర్వాత ఏమవుతుందో ఒక్కనాడూ చూడలేదు. చాచీ లేచి వచ్చి టీవీ అద్దం మీద వేలు పెట్టింది.

"గిక్కడ సూడుండ్రి. చినిగింది."

నిజమే. ఎర్ర శాలువా మీద ఎడమ భుజం దగ్గర నల్లగా ఒక చుక్కంత సందు.

"ఇప్పుడు ఒకటోది పెట్టు."

పెట్టాం. శత్రువుల కోటలో శాలువామె నిలబడి ఉంది. చాచీ వేలు మళ్ళీ అదే ఎడమ భుజం మీద పెట్టింది. యాదగిరి చెప్పిన నీలం చదరం అక్కడే ఉంది.

"గిది అతుకు. వేరే రంగు బట్టతోని ఏసింది, పాపం, అదే రంగు దొరకలే." మా అందరి మొహాలూ చూసింది. "చినగకముందే అతుకు ఎవరన్న ఏస్తరా బిడ్డా?"

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. యాదగిరే ముందు అందుకున్నాడు. "అంటే రెండోదే ముందుది. ముందుగాల తలుపు మూసిండ్రు. తర్వాతనే పోయింది."

ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, బాగా చదివినవాళ్ళను చాలామందిని చూశాను. ఆ రోజు చాచీని చూసి కలిగినంత ఆశ్చర్యం మళ్ళీ ఎవరిని చూసీ కలగలేదు. మేం ఏడాది పాటు కొట్టుకున్న కథను ఆమె ఒక అతుకుతో తిరగేసి నిలబెట్టింది.

"ఏది ముందో ఏది ఎనుకనో తెల్వనప్పుడు మనిషికి పేరు పెట్టొద్దు," అని వెళ్ళి మిషన్ దగ్గర కూర్చుంది. తన గురించి ఒక్క ముక్క అనలేదు.

నేను ఇంటికెళ్ళి అవ్వను అడిగాను, చాచీ ఇల్లు విడిచి వచ్చిందన్నావు, అంతకుముందు ఏం జరిగిందని. అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే చెప్పింది. "పాలమూరు దిక్కు ఇచ్చిండ్రు. పిల్లలు గాలేదని ఇంకొకామెను తెచ్చుకొని, గీమెను బయటవెట్టి తలుపేసుకున్నరు. ఒక దినమంత గడప ముందు కూసుందంట."

"మరి ఇడిచిపెట్టి వచ్చింది అంటివి?"

"అందరు గట్లనే అంటరు గదనే."

అవ్వకు తెలుసు. సందులో పెద్దవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ వెనకది ముందు చెప్పి, ముందుది చెప్పడం మానేశారు. మేమైతే అక్షరాలు రాక తప్పు చేశాం.

మర్నాడు చాచీకి ఏదో చెప్పాలని వెళ్ళాను. ఆమె నాకు చాయ్ సాసర్‌లో పోసిచ్చింది, తాగి ఇంటికొచ్చేశాను. నోటి దురద ఉన్నవాళ్ళకు అవసరమైన మాట రాదు. చాలా ఏళ్ళకు, నా పెళ్ళి జాకెట్లకు కొలతలు తీసుకుంటుండగా, "చాచీ, ఆ దినం నేనొక మాటన్న," అన్నాను. "ఏ మాట? నాకు యాద్ లేదు. చెయ్యి జర పైకెత్తు," అంది. నిజంగానే మరిచిపోయిందనుకున్నాను. మనసు తేలికపడింది కూడా.

శుక్రవారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి నమాజు అయ్యి మగవాళ్ళు ఆమెను తీసుకెళ్ళారు. యాదగిరి వాళ్ళతో వెళ్ళాడు. నేను లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఆమె అన్న కూతురు మిషన్ సొరుగు తీసి, "మీవేనంట గద అక్కా, ఎవ్వరికి ఇయ్యనియ్యలే," అని రెండు గుడ్డ సంచులు నా చేతిలో పెట్టింది.

చినిగిన శాలువా ఉన్న కేసెట్ సంచి మీద ఇప్పుడు ఒకే ఎర్ర గీత ఉంది. అతుకున్నదాని మీద రెండు. చాచీ ఎప్పుడు మార్చిందో, మాకెవరికీ చెప్పలేదు. కేసెట్ బయటికి తీసి, ఒక గీత ఉన్న సంచిని కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాను. ఆ గీత పక్కనే, విప్పేసిన రెండో గీత ఉన్నచోట, దారం లేని సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి. ఒక్కో రంధ్రంలోంచి ఎండ సన్నగా నా చేతి మీద పడింది.