కోటయ్య ఉపన్యాసంలో నేను వదిలేసిన మాటలు

1999లో నన్ను జిల్లా పోలీసు శాఖలో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా వేశారు. పేరుకు పోలీసు ఉద్యోగమే గానీ చేతిలో ఉండేది పెన్సిలూ నోటుపుస్తకమూ. సభ జరిగితే వేదిక పక్కన కూర్చుని వక్త మాటలన్నీ గీతల్లోకి ఎక్కించుకోవాలి. మర్నాడు వాటిని మామూలు తెలుగులో తిరగరాసి, అడుగున ‘విన్నది విన్నట్టు రాశాను’ అని సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంటేనే రిపోర్టు కోర్టులో పనికొస్తుంది.

మా పనిలో ఒక రహస్యం ఉంది. వక్త ‘ఆఁ...’ అని నీళ్లు నమిలినప్పుడే మా చెయ్యి వెనకబడ్డ మాటల్ని అందుకుంటుంది. ఆ ‘ఆఁ’కి గీత గీయం. పైగా నాకు నా తెలుగు మీద కాస్త పొగరు. నా రిపోర్టులు పత్రికలో వ్యాసాల్లా ఉంటాయని మా డీఎస్పీ గారు ఒకసారి మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి నాకు పట్టపగ్గాల్లేవు.

ఆ ఏడు పర్చూరు దగ్గర ఒక ఊళ్లో నకిలీ మిరప విత్తనాల మీద రైతులు సభ పెట్టారు. కోటయ్య అనే రైతు మాట్లాడాడు. అంత సుఖమైన వక్త నాకు మళ్లీ తగల్లేదు. మాటకు ముందొకసారి, వెనకొకసారి ‘మరేందయ్యా అంటే’ అంటాడు. మధ్యలో నేను పెన్సిలు కూడా చెక్కుకున్నాను. ఆయన చెప్పింది మాత్రం ఒకటే, విత్తనాల కొట్టుకు తాళం వేద్దామని. మర్నాడు ఎవరో వేసేశారు. జనాన్ని రెచ్చగొట్టాడని కోటయ్య మీద కేసు పెట్టారు. సాక్ష్యం నా నాలుగు పేజీల రిపోర్టే.

విచారణ మరుసటి ఏడు మిరపకాయ కోతల్లో వచ్చింది. శిక్ష పడితే కోటయ్య జైల్లో, పండిన కాయ చేలో. సాక్షి బోనెక్కి రిపోర్టు నేనే చదివాను. ‘‘సోదరులారా! మోసపోయిన రైతు ఇంకా మౌనంగా ఉండాలా?’’ అని మొదలుపెట్టి ఎక్కడా ఆగలేదు. అందరికంటే శ్రద్ధగా, నోరు తెరుచుకుని విన్నది కోటయ్యే.

ఆయన వకీలు లేచి, ఇందులో ‘మరేందయ్యా అంటే’ ఎన్నిసార్లు ఉందని అడిగారు. లేదన్నాను. అవి ఊతపదాలనీ, రాయమనీ చెప్పాను. మరి విన్నది విన్నట్టని సంతకం ఎందుకు పెట్టారని అడిగారు.

‘‘ఆఁ... అంటే... అదేమిటంటేనండీ...’’ అన్నాను.

కోర్టు టైపిస్టు అవేవీ కొట్టలేదు. ఆయనదీ నా అలవాటే.

ఈ ఉపన్యాసం నీదేనా అని మేజిస్ట్రేటు గారు కోటయ్యను అడిగారు.

‘‘ఆఁ... మరేందయ్యా అంటే... అయ్యగారూ... ఇంత బాగా మాట్టాడగలిగితే... మరేందయ్యా అంటే... ఈపాటికి ఎమ్మెల్యేని అయిపోనాండీ?’’

మేజిస్ట్రేటు గారు నవ్వాపుకోలేక కళ్లజోడు తుడుచుకున్నారు. ఇవి ఈ వక్త మాటలని నమ్మలేమని కేసు కొట్టేశారు. నాకు మెమో వచ్చింది. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను. ఆయన తాళం మాట అన్నాడని నాకు తెలుసు. అయినా కోతలకు వెళ్లగలిగాడని లోపల సంతోషించాను.

కోర్టు బయట కోటయ్య నన్ను పట్టుకున్నాడు.

‘‘రిపోర్టరు గారూ, ఆ కాయితం... మరేందయ్యా అంటే... నాకొకటి ఇప్పించండి. బట్టీ పడతా.’’

నిందితుడికి కాపీ ఇవ్వడం నిబంధన కాబట్టి, అది మీ వకీలు దగ్గరే ఉంటుందని చెప్పాను.

పై ఏడు అదే ఊళ్లో మళ్లీ సభ. కోటయ్య లేచి, ‘‘సోదరులారా... ఆఁ... మరేందయ్యా అంటే... మోసపోయిన రైతు...’’ అని నా రిపోర్టంతా అప్పజెప్పాడు. తాళం మాట ఒక్కటే తప్పించాడు, అక్కడ మాత్రం తడబడలేదు. ఈసారి నా పెన్సిలుకు విశ్రాంతి దొరకలేదు. నాలుగు పేజీల ఉపన్యాసం పదకొండు పేజీలైంది.

వక్తను బాగుచేసే ఉద్యోగం ప్రభుత్వం నాకివ్వలేదు. ఆ పదకొండో పేజీ అడుగున ‘విన్నది విన్నట్టు రాశాను’ అని సంతకం పెట్టాను. నా సర్వీసులో ఆ మాట నిజమైంది అదే మొదటిసారి.