కాలేయం కోలుకునేదాకా

మా సైనిక వైద్య దళం నంద్యాల స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరున్నర. సన్నటి వాన. కుందూ నది వరద తీసింది గానీ పల్లెల్లో కామెర్లు మిగిల్చింది. ఎనభైల మొదట్లో మాట. నేను నర్సింగ్ అసిస్టెంటును, సొంతూరు ఆళ్లగడ్డ. డ్యూటీ మీద మా వైపు రావడం అదే మొదటిసారి. తడిసిన రేగడి వాసనకు బూట్లు విప్పేసి నడవాలనిపించింది.

ఆళ్లగడ్డ దగ్గరి రైతు నారాయణ తన భార్య ఓబులమ్మను ఎద్దులబండిలో, పల్లెల మధ్య వేసిన మా ఆస్పత్రి గుడారానికి తెచ్చాడు. ఒళ్ళంతా పసుపు. మొగుణ్ణే గుర్తుపట్టడం లేదు.

మేజరు డాక్టరు నన్ను పక్కకు పిలిచారు. "కాలేయం పని ఆపేసింది. మార్చడానికి మన దగ్గర ఇంకోటి లేదు. అది తనంతట కోలుకునేదాకా మనిషిని నిలబెట్టాలి. అంతే."

మంచం తలవైపును మందుపెట్టెల మీదికి ఎత్తాం. చక్కెర పడిపోకుండా గ్లూకోజు. రక్తం కారకుండా విటమిన్ సూది. కడుపులో విషం పేరుకోకుండా ఎనిమా. ఎంత పెనుగులాడినా నిద్రమందు మాత్రం ఇవ్వకూడదు, పాడైన కాలేయం దాన్ని తట్టుకోలేదు.

మూడోనాటికి నారాయణ ఓపిక అయిపోయింది. "ఏందప్పా ఇది? నీళ్ళెక్కిస్తానే ఉండారు. బండి కడతాండా. పసరు పోపిస్తా."

"అన్నా, నేనూ ఆళ్లగడ్డోన్నే. ఆయమ్మకు మింగే తెలివి ల్యా. పసరు పోస్తే ఊపిరికి అడ్డం పడతాది. ఈడనే ఉండు. చేతులు పట్టుకోని మాట్లాడు."

"ఏం మాట్లాడాల?"

"మీ ఇంటి మాటలే."

కూర్చున్నాడు. "ఏమ్మే, బర్రె ఈనింది. నేను పిండబోతే తంతాంది. నువ్వే రావాల."

అంతలో గ్లూకోజు సీసాలు తరిగిపోయాయి. మా దళం వైర్‌లెస్ ఆపరేటరు కర్నూలును అడిగితే జవాబు వచ్చింది. "లారీ వాగు అవతల ఆగింది. ఓవర్." ఇద్దరం వెళ్ళి, నడుములోతు నీళ్ళలో పెట్టెలు తలమీద మోసుకొచ్చాం. ఒడ్డెక్కాక ఆపరేటరు చలికి వణుకుతూనే నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ ఇష్టం.

రెండు పొద్దులు గడిచాక ఓబులమ్మకు తెలివి వచ్చింది. ఆ గుడారంలో అందరికీ రాలేదు.

వానలు వెనకబట్టాక రైలెక్కాం. నేను రిటైరై ఆళ్లగడ్డ చేరాక జనం సరిహద్దు సంగతులు అడుగుతారు. చెబుతాను. నాకు కనబడేది మాత్రం ఆమెకు తెలివి వచ్చిన ఆ ఉదయమే. ఓబులమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా నన్ను, నా యూనిఫారాన్ని చూసింది. ఎవరో పరాయి మగమనిషి. సూది లేని చేత్తో తడుముకుని, కొంగు తలమీదికి లాక్కుంది. అది చూసి నారాయణ గుడారం గుడ్డలో మొహం దాచుకుని ఏడ్చాడు.