నోళ్లు తెరిచిన చేపలు, నోరు జారిన సమీక్ష

2024 వానాకాలం. ఏలూరు పవర్‌పేటలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఆఫీసంటే ఒక బల్ల, ఒక కంప్యూటరు, కదిలినప్పుడల్లా మూలిగే ఒక కుర్చీ. కొత్తగా వచ్చిన వీడియో గేములు ఆడి, ఒక తెలుగు వెబ్‌సైటుకి సమీక్షలు రాయడం నా పని. పద్నాలుగేళ్లుగా ఇదే వృత్తి. ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "ఆడుకుంటూ ఉంటానండి" అనడానికి నా వయసు ఒప్పుకోదు. "రాస్తుంటానండి" అంటాను. "ఏం రాస్తారండీ?" అంటే "ఆడినవి" అంటాను. దాంతో మా వీధిలో కొందరు నన్ను నాటకాల మనిషి అనుకుంటున్నారు. నేను దిద్దలేదు. అది కాస్త గౌరవంగా ఉంది.

ఈ పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్లకి రెండు మాటలు. ఆట బజారులోకి రావడానికి వారం ముందు తయారుచేసినవాళ్లు మాకు రివ్యూ కోడ్ పంపుతారు. అది ఆట తలుపు తీసే తాళంచెవి లాంటిది. వాళ్లు చెప్పిన రోజు వచ్చేదాకా ఆట గురించి బయట మాట్లాడకూడదు. ఈ కట్టడిని ఎంబార్గో అంటారు. ఆ వారంలో ఆట ఆడి, మంచీచెడూ రాసి, ఐదింటికి ఇన్ని మార్కులని తీర్పు చెప్పాలి. జడ్జిగారి హోదా, చదువుకునే పిల్లాడి కుర్చీ.

ఆ నెలలో నాకు మూడు ఆటలు వచ్చాయి. ఒకటి అంతరిక్ష యుద్ధం. అన్ని గ్రహాల మీదా ఒకే బండరాయి కనిపించినా, యుద్ధం రంజుగా ఉంది. నాలుగు మార్కులు వేశాను. రెండోది కార్ల పందెం. అందులో వాన ఎంత బాగా కురిసిందంటే, లేచి వెళ్లి పెరట్లో ఆరేసిన బట్టలు తెచ్చాను. బయట ఎండగా ఉంది. దానికీ నాలుగే. మూడోది "గట్టు". తాడేపల్లిగూడెంలో ముగ్గురు స్నేహితులు కలిసి చేసిన చేపల చెరువు సిమ్యులేటర్. సిమ్యులేటర్ అంటే ఒక పనిని ఉన్నదున్నట్టు చేయించే ఆట. పగలంతా పనిచేసి అలిసిపోయిన మనిషి, సాయంత్రం ఇంటికొచ్చి ఇంకో పని చేసుకోవడానికి కొనుక్కుంటాడు.

కొల్లేరు మా ఊరికి ఎంతో దూరం లేదు. అయినా మాది పౌరోహిత్యం చేసే కుటుంబం. మత్స్యమంటే మాకు దశావతారాల్లో మొదటిది, అంతే. అలాంటి నాకు ఒక చెరువు, చెరువు నిండా శీలావతి, బొచ్చె చేపపిల్లలు అప్పజెప్పారు. నేను వాటిని చాలా ప్రేమగా చూసుకున్నానని మనవి చేసుకుంటున్నాను. పొద్దున లేవగానే మేత. మధ్యాహ్నం మేత. మబ్బు పట్టి చెరువు దిగులుగా కనిపిస్తే పాపమని ఇంకో సంచి. తెల్లారేసరికి చేపలన్నీ నీటిపైకి వచ్చి, నావైపు నోళ్లు తెరుచుకుని ఎదురుచూసేవి. మళ్లీ మేత. ఇంత చేసినా ఒక ఉదయం లేచి చూస్తే చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే. మూడోసారి కూడా చెరువు చాప చుట్టేసింది.

ఇక మీనమేషాలు లెక్కపెట్టకుండా సమీక్ష రాసేశాను. "ఏ కారణమూ లేకుండా చేపలు మూకుమ్మడిగా చనిపోవడం ఈ ఆటలోని పెద్ద బగ్" అన్నాను. బగ్ అంటే ప్రోగ్రాములో దొర్లిన తప్పు. ఆఖర్న కాస్త తీపి ఉండాలని ఇంకో వాక్యం చేర్చాను: "తెల్లవారుజామున చేపలు తమ యజమానిని గుర్తుపట్టి, పైకి వచ్చి, నోరారా పలకరించడం ఈ ఆటలోని ఏకైక హృద్యమైన దృశ్యం." ఐదింటికి రెండు. చేతులు దులుపుకున్నాను.

పన్నెండు రోజుల తర్వాత ఫోను.

"ఏవండీ, శర్మగారేనాండీ? నా పేరు సౌజన్యండి. 'గట్టు' చేసింది మేమేనండి."

సమీక్షకులకి ఇలాంటి ఫోన్లు అలవాటే. సాధారణంగా మొదటి నిమిషంలో మా చదువు గురించి, రెండో నిమిషంలో మా వంశం గురించి మాట్లాడతారు. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఈ అమ్మాయి మాత్రం తిట్టలేదు.

"మీరు రాసిన బగ్ ఎక్కడుందో చెబితే సరిచేసుకుంటామండి. పన్నెండు రోజుల నుంచి ముగ్గురం వెతుకుతున్నామండి. దొరకట్లేదండి."

"దొరక్కపోవడమేంటమ్మా, మూడుసార్లు చచ్చాయి."

"మా దగ్గర ఒక్కసారి కూడా చావట్లేదండి. ఈ ఆటని ఫోన్లలోకి తెస్తామన్న బెంగళూరు కంపెనీవాళ్లు మీ సమీక్ష చదివారండి. ఆ బగ్ సంగతి సోమవారంలోగా తేల్చమన్నారండి. తేలకపోతే వద్దంటారండి. అప్పుడు ఈ గది ఖాళీ చేసి, ముగ్గురం మూడు ఊళ్లలో ఉద్యోగాలు చూసుకోవాలండి."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె గొంతు పెరగలేదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. నా సేవ్ ఫైల్, అంటే ఆట ఎక్కడ ఆపానో దాచుకున్న ఫైలు, ఇంకా నా లాప్‌టాప్‌లోనే ఉంది. "పంపమంటావా?" అంటే, "మీరే వచ్చి చూపిస్తే ఇంకా మేలండి" అంది. మర్నాడు పొద్దున్నే పాసింజరు ఎక్కాను. శుక్రవారం.

వాళ్ల గది ఉల్లిపాయల గోడౌన్ పైన ఉంది. మెట్లెక్కేసరికి నా కళ్లు ధారలు కట్టాయి. తలుపు తీసిన సౌజన్య నన్ను చూసి కంగారుపడి, "అయ్యో, మేమేం అనుకోలేదండి, మీరు బాధపడకండి" అంది. గోడౌన్ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. పశ్చాత్తాపం ముందే చెల్లించి ఉంచితే మంచిదనిపించింది.

లోపల ఆమె స్నేహితులిద్దరూ కంప్యూటర్ల ముందు ఉన్నారు. మూలన ఒక ప్లాస్టిక్ కుర్చీలో యాభై దాటిన పెద్దమనిషి కూర్చున్నారు. "మా మావయ్యండి, ఏడుకొండలుగారు. కొల్లేరులో ముప్పై ఏళ్లుగా చెరువుల పనిలోనే ఉన్నారు. ఆటలో చేపల సంగతంతా ఈయన చెప్పిందేనండి" అంది సౌజన్య.

లాప్‌టాప్ తెరిచి నా చెరువు చూపించాను. మూడోసారి చావుకి ముందు రోజు సాయంత్రం. ఏడుకొండలుగారు కళ్లజోడు పెట్టుకుని, తెరకి దగ్గరగా జరిగి, రోగి నాడి చూసినట్టు చాలాసేపు చూశారు.

"ఈ చెరువు ఎవరిదండీ?"

"నాదేనండి."

"మీరు బానే ఉన్నారాండీ?"

"బానే ఉన్నానండి. ఏం?"

"ఏం లేదండి. ఇలాంటి చెరువున్న రైతు మామూలుగా కూచుని మాట్టాడలేడండి." ఆయన వేలు పెట్టి చూపించారు. "ఇదిగో, మబ్బు పట్టింది. మబ్బు రోజున మేత వేశారేంటండీ?"

"చేపలు నోళ్లు తెరిచి అడుగుతున్నాయి కదండీ, పాపం."

ఏడుకొండలుగారు కళ్లజోడు తీశారు.

"ఓరి నాయనోయ్. అవి ఆకలికి కాదండీ బాబూ. ఊపిరాడక! మబ్బు పట్టిందంటే నీళ్లలో గాలి తగ్గిపోద్ది. తెల్లారే వేళకి అసలుండదు. అందుకని పైకొచ్చి నోళ్లు తెరుత్తాయి. అప్పుడు మేత వేత్తే అది కుళ్లి, ఉన్న గాలి కూడా పోద్ది. మీరు వాటి పీక మీద కాలేసి అన్నం పెట్టారండి."

స్నేహితులిద్దరిలో ఒకతను మెల్లగా నా సమీక్ష తెరిచాడు. పైకి చదవలేదు, అది అతని మర్యాద. కానీ "నోరారా పలకరించడం" అన్న వాక్యం ఆ తెర మీద ఎంత పెద్ద అక్షరాల్లో కనిపించిందో నాకే తెలుసు.

"అది మీరు వేళాకోళానికి రాశారనుకున్నామండి" అంది సౌజన్య నేలచూపులు చూస్తూ.

నా వైపు వాదన ఒకటి ఇంకా మిగిలి ఉంది. "ఇదంతా ఆటలో ఎక్కడా చెప్పలేదు కదమ్మా?"

"మొదటి రోజే చెబుతామండి. గట్టు మీద కూర్చున్న తాతగారు మాట్లాడతారు కదండీ, పన్నెండు నిమిషాలు."

కొత్త ఆటగాడికి పని నేర్పే ఆ ముక్కని ట్యుటోరియల్ అంటారు. మూల మీద 'దాటవేయి' అనే మీట ఉంటుంది. పద్నాలుగేళ్ల అనుభవమున్నవాడు దాన్ని నొక్కడానికి కళ్లు కూడా తెరవక్కర్లేదు. నేను తెరవలేదు.

"దాటేశారాండీ?" అన్నారు ఏడుకొండలుగారు. "ఆ మాటలు నావేనండి. రెండ్రోజులు పట్టింది చెప్పడానికి. గొంతు బాలేదాండీ?"

నీళ్లు నమిలాను. ఆ చెరువులో చేపలకి కూడా అంత నీరు అందుబాటులో లేదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. ఆయన మళ్లీ తెర చూశారు. "అయినా మేత ఒక్కటే కాదండి. ఈ చేప నాలుగు కేజీలుంది. ఇదీ నాలుగు కేజీలే. ఆటలో పద్నాలుగు నెలలైంది. పట్టుబడి ఎప్పుడు చేశారండీ?"

పట్టుబడి అంటే వల లాగి, పెరిగిన చేపల్ని పట్టడం. దానికి తెర మీద ఒక మీట ఉంది. దాన్ని నేను రోజూ చూసేవాణ్ణి. చూసి పక్కకి తప్పుకునేవాణ్ణి.

"చెయ్యలేదండి."

"ఒక్కసారి కూడానా?"

"మా ఇంట్లో అవి... తినం కదండీ."

"తినమని ఎవరన్నారండీ? పట్టమన్నారు!"

స్నేహితులిద్దరూ గబగబా కిటికీ దగ్గరికి వెళ్లి, ఉల్లిపాయల లారీని చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారు. వాళ్ల భుజాలు అదురుతున్నాయి. సౌజన్య మాత్రం నవ్వకుండా అడిగింది.

"సర్, అంతరిక్షం ఆట సమీక్షలో 'శత్రువుల తలలు ఎగిరిపడటం కన్నులపండువగా ఉంది' అని రాశారు కదండీ?"

"అవి గ్రహాంతరవాసులమ్మా" అన్నాను. అనగానే ఆ జవాబు నాకే నచ్చలేదు.

మొత్తానికి బగ్ దొరికింది. ఒకటిన్నర ఎకరం చెరువులో, నీళ్లకంటే చేపలు ఎక్కువైపోయేలా దయ చూపించినవాడే ఆ బగ్. చేపలన్నీ నా భూతదయ వల్లే పోయాయి.

సాయంత్రం బండి దిగుతూనే ఎడిటరుగారికి ఫోను చేశాను. ఆవిడ ఓపికగా విని, "ఏవండీ శర్మగారూ, వేసిన మార్కులు మార్చం కదండీ. ఇవాళ మీరు మారిస్తే, రేపు ప్రతి కంపెనీవాడూ మిమ్మల్ని భోజనానికి పిలుస్తాడు" అన్నారు. మాటలో న్యాయం ఉంది. మా వృత్తిలో తీర్పు తిరగరాయకపోవడం ఒక నియమం. పైగా జరిగింది రాస్తే, చెరువు ఆటలో చేపలు పట్టని సమీక్షకుడు చెప్పే మాట తర్వాత ఎవరు వింటారు? ఆ భయం ఆవిడకంటే నాకే ఎక్కువ.

"పాతది తీసెయ్యొద్దండి. అలాగే ఉంచండి. పక్కన కొత్తది వేద్దాం. అందరూ రెండూ చదువుతారు" అన్నాను.

"మీ పరువు సంగతో?"

"అది వెల్లకిలా తేలిందండి. ఇప్పుడు మేత వేసినా లాభం లేదు."

ఆవిడ నవ్వేశారు. నవ్విన ఎడిటరు ఒప్పుకున్నట్టే.

శనివారం, ఆదివారం మళ్లీ మొదటి నుంచి ఆడాను. ఈసారి ఏడుకొండలుగారి మాటలు పన్నెండు నిమిషాలూ విన్నాను. గొంతు చాలా బావుంది. మబ్బు రోజున చేతులు కట్టుకుని కూర్చున్నాను. మేత వేసే చెయ్యి అలా ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పట్టుబడి రోజు రానే వచ్చింది. మీట మీద వేలు పెట్టి ఆగాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, వెనక నిలబడి చూసింది. "నిన్నగాక మొన్న ఊళ్లకి ఊళ్లే తగలబెట్టారు కదండీ ఆ పెట్టెలో. నొక్కండి" అంది. నొక్కాను. వల లాగుతుంటే శీలావతులు వెండిముద్దల్లా ఎగిరిపడ్డాయి. మర్నాడు తెల్లారి ఒక్క చేప కూడా పైకి రాలేదు. చెరువంతా అద్దంలా ఉంది. ఎవరూ నన్ను పలకరించలేదు. ఆ చూపుకందని క్షేమమే ఈ ఆటలో హృద్యమైన దృశ్యమని ఆదివారం సాయంత్రం రాశాను. దాని మొదటి వాక్యం ఇది: "కిందటి సమీక్షలో నేను చెప్పిన బగ్ ఆటలో లేదు, అది ఏలూరులో ఉంటుంది." ఐదింటికి నాలుగు వేశాను. తగ్గించిన ఒక్క మార్కు, ప్రాణాలు నిలబెట్టే పన్నెండు నిమిషాల్ని ఒక్క వేలితో దాటనిచ్చినందుకు.

సోమవారం మధ్యాహ్నం సౌజన్య ఫోను చేసింది. కంపెనీవాళ్లు సరేనన్నారు. ముగ్గురూ ఆ గదిలోనే ఉంటున్నారు. "ఆ ఒక్క మార్కు సంగతి కూడా చూసుకున్నామండి" అంది. ఏం చూసుకున్నారో చెప్పలేదు.

పది రోజుల తర్వాత ఆటకి ప్యాచ్ వచ్చింది. ప్యాచ్ అంటే విడుదలయ్యాక వేసే అతుకు. ఎక్కించుకుని, పాత అలవాటు కొద్దీ 'దాటవేయి' మీదకి వేలు పోనిచ్చాను. గట్టు మీద తాతగారు చటుక్కున నావైపు తిరిగి, కర్ర అడ్డం పెట్టారు. "ఆగండి పంతులుగారూ! మీకే చెబుతున్నా, కూచోండి!"

ఆ పంతులుగారు ఎవరని ఇప్పటికీ ఆటగాళ్లు ఒకళ్లనొకళ్లు అడుగుతుంటారు. నేను జవాబివ్వలేదు. కానీ ఆ రోజు నుంచి నా ప్రతి సమీక్షా ఒకే రకంగా మొదలవుతోంది: ఆ ఆటలో నేను ఏం దాటేశానో, ఏం నొక్కలేకపోయానో ముందే రాస్తాను. మార్కులు ఆ తర్వాతే. పద్నాలుగేళ్లు ఆటలకి మార్కులు వేశాను గాని, ఆడేవాడికి కూడా కొన్ని తగ్గించాలని ఆ చేపలు చెప్పేదాకా తెలియలేదు. అవి నోళ్లు తెరిచింది అందుకేనేమో. నేను మేత వేశాను.