ఆరిపోకూడని మంట

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్ల నుంచి వచ్చినదాన్ని. ఎండాకాలం వస్తే నీడ వెతుక్కోవడమే తప్ప ఎండకి పండగ చెయ్యడం నేనెరగను. మావారు అమెరికన్. చర్చి వదిలేసి, చెట్టునీ సూర్యుణ్నీ ఋతువుల్నీ కొలిచే పేగన్ దారి పట్టినాయన. జూన్‌లో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజు ఆయనకి పెద్ద పండగ. మేముండే క్యారీ అనే ఊళ్లో, మా ఇంటి పెరట్లో సూర్యోదయానికి మంట వెలిగించి, సూర్యాస్తమయం దాకా ఆరకుండా కాపలా కాయాలి. చివర్లో ఆ మంటతో కొవ్వొత్తి వెలిగించి ఇంట్లోకి తెచ్చుకోవాలి. మధ్యలో మంట ఆరిందా, ఆ ఏటికి కొవ్వొత్తి లేదు. తెలుగు స్నేహితులకి మాత్రం బార్బెక్యూ అని చెప్పేదాన్ని. ఇదంతా విడమరిచి చెప్పే ఓపిక ఎవరికుంది?

మా అమ్మాయికి తొమ్మిదేళ్లొచ్చిన ఏడు, మావారు మొదటిసారి అగ్గిపెట్టె దాని చేతికిచ్చారు. నాలుగు పుల్లలు వృథా చేసి అయిదోదానితో వెలిగించింది. సాయంత్రం కొవ్వొత్తి లోపలికి తెచ్చేది కూడా తనే. వారం నుంచి దానికదే ధ్యాస.

నా గోల నాది. ఆఫీసులో సగం మందిని తీసేశారు. మిగిలినవాళ్ల నెత్తిన రెండేసి ఉద్యోగాలు పడ్డాయి. కంటినిండా నిద్రపోయి పది రోజులైంది.

మధ్యాహ్నం వంతు నాది. మావారు మొక్కజొన్న పొత్తులు కొనడానికి రైతుల సంతకి వెళ్లారు. అమ్మాయి లోపల ఏసీలో పూలకిరీటం అల్లుకుంటోంది. మంటలో ఒక సన్నకట్టె వేసి కుర్చీలో వెనక్కి వాలాను. అంతే.

మెలకువ వచ్చేసరికి బూడిద మిగిలింది. కెలికి చూస్తే ఒక్క నిప్పురవ్వ లేదు. దొంగలా వంటింట్లోకి వెళ్లి గ్యాస్ లైటరూ, దేవుడి అరలోంచి కర్పూరం డబ్బా తెచ్చాను. త్వరగా అంటుకునేదంటే నాకు తెలిసింది అదొక్కటే. పుల్లల మీద గుప్పెడు బిళ్లలు పోసి లైటర్ నొక్కాను. భగ్గున అంటుకుంది. హమ్మయ్య అనుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

అమ్మాయి కిరీటం పట్టుకుని బయటికొచ్చింది. మెట్ల మీదే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా, గుడి స్మెల్ ఎందుకు వస్తోంది?"

అగరొత్తి అని చెబుదామనుకున్నాను. ఈలోగా గడ్డిలో పడేసిన కర్పూరం డబ్బా మూత దాని కంటబడింది.

"నా ఫైర్ ఆరిపోయిందా?"

"కాసేపు కన్ను అంటుకుందే తల్లీ. చాలా అలిసిపోయాను. మళ్లీ వెలిగించాను కదా, చూడు."

"ఇట్ డజంట్ కౌంట్!" అని కిరీటం నేలకేసి కొట్టి ఏడవడం మొదలుపెట్టింది.

నా మీద రావలసిన కోపం దాని మీద వచ్చింది. "ఇది మీ నాన్న పండగ. మీరూ మీరూ చేసుకోక మధ్యలో నా ప్రాణం తియ్యడం ఎందుకు? మన పండగలకి ఇంత యాగీ ఉండదు," అన్నాను.

అది ఏడుపు ఆపి నా వంక చూసింది.

"కానీ దివాలీకి కూడా నువ్వు టైర్డే కదా అమ్మా. సోఫాలో స్లీప్ అయిపోయావు. నేనూ డాడీ దీపాలు పెట్టాం."

ఎత్తిపొడుపు కాదు. నిన్న వాన పడిందన్నంత మామూలుగా చెప్పింది. ఈ పండగ నాది కాదు కాబట్టే ఓపిక లేదని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నావి అనుకున్నవాటికి కూడా ఓపిక మిగల్లేదని దానికెప్పుడో తెలుసు. సిగ్గేసింది. ఏడవాలనిపించింది కానీ, అందుకూ శక్తి లేదు.

మావారు వచ్చి సంగతి విని, నన్ను ఒక్క మాటా అనలేదు. ఈసారి కొవ్వొత్తి లేదని మాత్రం అమ్మాయికి మెల్లగా చెప్పారు. నియమం నియమమే. ఆయన పొత్తులు కాలుస్తుంటే, మిగిలిన పొద్దైనా ఆరకుండా చూద్దామని నేను కుర్చీ మంటకి దగ్గరగా జరుపుకున్నాను. సూర్యుడు దిగడానికి ఇంకా మూడు గంటలుంది. అమ్మాయి తన కుర్చీ తెచ్చి నాకెదురుగా వేసుకుంది. మళ్లీ నిద్రపోతానేమోనని, చీకటి పడేదాకా అది మంట వంక కాక నా కళ్లవంకే చూస్తూ కూర్చుంది.