చాక్‌పొడి దులిపిన చెయ్యి

మా జీన్స్ కుట్టే షెడ్డులో పొద్దున ఎనిమిదింటికి కటింగ్ టేబుల్ మీద మొదటి తాను పరుస్తారు. కొత్త డెనిమ్ గుడ్డకి గంజీ నీలిరంగూ కలిసిన ఘాటు వాసన ఉంటుంది. దాని మీద మార్కింగ్ చాక్ గీస్తే లేచే తెల్లపొడి ముక్కులోకి పోయి తుమ్ము తెప్పిస్తుంది. నిన్న పొద్దున అట్లాగే తుమ్మాను. ఒంటి మీద పడిన పొడిని దులుపుకోబోయి, చెయ్యి గాల్లోనే ఆపేశాను. పక్క మిషన్ పిల్ల "ఏమాయె రేణుకక్కా, అట్ల బొమ్మయిపోతివి?" అని నవ్వింది. ఏం చెప్పను దానికి? ఎస్తేరు మేడం చనిపోయి ఆరు నెలలైంది. నా చెయ్యి మాత్రం ఇంకా ఆమె మాటే వింటోంది.

మీరు ఆమెని చూసి ఉండరు. బళ్ళారిలో ఒక బడిలో ఆటల టీచరు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర మీద కూడా మెడలో విజిల్ వేసుకునేది. కౌల్ బజార్‌లో మా షెడ్డు వెనక సందులో ఒక పాత బియ్యం గోదాము ఉంది. సాయంత్రాలు అందులో ఆమె ఫెన్సింగ్ క్లబ్బు నడిపేది. అంటే కత్తిసాము. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. ఒకరోజు మా షెడ్డుకొచ్చి, నేను కుడుతున్న ప్యాంటు గుడ్డని వేళ్లతో నలిపి చూసి, "దీన్ని రెండు పొరలేసి జాకెట్లు కుడతావామ్మా?" అంది. "చలికా మేడం?" అన్నాను. "కాదు. కత్తిపోటుకు" అంది మామూలుగా. నా కాలు పెడల్ మీది నుంచి జారిపోయింది.

కొలతలకని గోదాములోకి పోయినప్పుడు ఇంకా హడలిపోయాను. జల్లెడ లాంటి ముసుగులు వేసుకుని ఇద్దరు ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. కత్తి తగిలి వంగుతోంది, మళ్లీ నిటారవుతోంది. తగిలినవాడు కింద పడతాడు, రక్తం వస్తుంది, పోలీసులొస్తారు, నేను సాక్ష్యం చెప్పాలి, ఇదంతా ఒక్క క్షణంలో నా తలలో తిరిగింది. తగిలినవాడు పడలేదు. ఎడమచెయ్యి పైకెత్తి "తగిలింది" అన్నాడు. అంతే. ఇద్దరూ వెనక్కి పోయి మళ్లీ నిలబడ్డారు. ముసుగు తీస్తే ఎవరనుకున్నారు? మా సందులో ఆటో నడిపే బసవప్ప!

ఆ క్లబ్బులో కత్తి పట్టి పెరిగినవాళ్లు ఒక్కరూ లేరు. బసవప్ప కుస్తీ నుంచి వచ్చాడు. కత్తి సంగతి మరిచిపోయి ఎదుటివాణ్ణి వాటేసుకోబోయేవాడు. "బసవప్పా, ముద్దు పెట్టుకునే ఆట కాదప్పా ఇది, ఎడంగా ఉండు!" అని మేడం అరిచేది. పండ్ల అంగడి షఫీ భాయ్ చిన్నప్పటి నుంచి పీర్ల పండగలో కర్రసాము చేసినవాడు. ఈ ఆటలో కత్తి మొన తగిలితేనే పాయింటు, ఆయనేమో కర్ర తిప్పినట్టు గిరగిరా తిప్పేవాడు. నర్సింగ్ చదివే నాగవేణి ఖోఖో పిల్ల. మీదికొస్తే చటుక్కున కూర్చుని వీపు తిప్పేది. జాకెట్లు కుట్టి ఇచ్చినా నేను రోజూ ఏదో ఒక సాకుతో పోయి చూసేదాన్ని. "నువ్వేం ఆడినావే?" అని మేడం ఒకరోజు అడిగింది. "ఏమీ లేదు మేడం. తొమ్మిదో తరగతి నుంచి మిషనే" అన్నాను. ఆమె నా చూపుడువేలు పట్టుకుని చూసింది. "పరిగెత్తే సూది పక్కన ఇన్నేండ్లు వేలు పెట్టుకోని కూచున్నావు. ఒక్కసారన్నా రెప్ప కొట్టింటివా? కొట్టింటే ఈ వేలు ఉండేదా? రేపట్నుంచి రా." నా బతుకులో నేనూ ఏదో ఆట ఆడినట్టే అన్న మొదటి మనిషి ఆమె.

మా క్లబ్బులో కత్తి తగలగానే లైటు వెలిగే యంత్రాలు లేవు. కత్తి మొనకి నేను తెచ్చిన మార్కింగ్ చాక్ పొడి అద్దేవాళ్లం. నీలి జాకెట్ మీద తగిలిన చోట తెల్ల చుక్క పడేది. అయినా ఆ చుక్కని ఎవరూ చూపించకూడదు. తగిలినవాళ్లే ఎడమచెయ్యి ఎత్తి చెప్పాలి. కొట్టినవాళ్లు నోరెత్తకూడదు, చూసేవాళ్లు అసలే ఎత్తకూడదు. మేడం పెట్టిన ఒకే ఒక్క కట్టుబాటు అది. "కొట్టేది ఎవరైనా నేరుస్తారు. తగిలిందని చెప్పేదే ఆట" అనేది. నాకు అది భలే వింతగా ఉండేది. తగిలిందని మనమే చెప్పుకుంటే గెలిచేదెట్లా?

ఏడాదిన్నర తర్వాత రాష్ట్ర పోటీలకి మా క్లబ్బు నుంచి ఒక్క అమ్మాయిని పంపమని కబురొచ్చింది. ఉన్నది ఇద్దరం, నేనూ నాగవేణీ. అయిదు పాయింట్ల ఆట, గెలిచినవాళ్లు పోవాలి. నేను బళ్ళారి జిల్లా దాటి ఎరగను. మా నాయన కూలికి పోయే చేలల్లో "మా రేణుక బెంగళూరు పోతాంది, కత్తి పట్టుకోని" అని ముందే అందరికీ చెప్పేశాడు. షెడ్డులో ఆడవాళ్లు నా కోసం కొత్త జడపిన్నులు కూడా కొన్నారు. ఓడిపోయి వాళ్లకి ముఖం చూపించడం ఎట్లాగో నాకు తెలియలేదు.

నాలుగూ నాలుగు దగ్గర ఆగింది ఆట. నాగవేణి చటుక్కున కిందికి కూర్చుని, కింది నుంచి కత్తి పెట్టింది. కుడి పక్కటెముక మీద, చంక కింద, స్పష్టంగా తగిలింది. మేడం నాకు ఎడమ పక్కన ఉంది, ఆమెకి కనపడదు. నా ఎడమచెయ్యి లేచింది. లేచి, పైకి పోలేదు. ప్యాంటు కుట్టడం అయ్యాక చెకింగ్‌కి ఇచ్చే ముందు చాక్ గీతల్ని అరచేత్తో టపటపా దులుపుతాం కదా, అట్లా దులిపేసింది. రోజుకి వందసార్లు చేసే పని. అలవాటని ఇప్పటికీ నన్ను నేను సముదాయించుకోవచ్చు. కానీ తర్వాతిది అలవాటు కాదు. "తగిలిందా రేణుకా?" అని మేడం అడిగింది. "లేదు మేడం" అన్నాను. నాగవేణి తన కత్తి మొన వైపు ఒకసారి చూసుకుంది. కట్టుబాటు ప్రకారం నోరెత్తలేదు. మళ్లీ నిలబడ్డాం. తర్వాతి పాయింటు నాది. గెలిచాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మేడం కొట్టలేదు. బల్ల దగ్గర కూర్చుని, "నీ చేతిరాత గుండ్రంగా ఉంటాది, రాయి" అని పోటీ ఫారం నా ముందు పెట్టింది. క్లబ్బులో ఎవరెవరు, ముందు ఏ ఆట ఆడారు, చివర్లో పోటీకి పోయే అమ్మాయి పేరు.

"బసవప్ప, కుస్తీ" అంది మేడం.

"దసరా కుస్తీ మూడుసార్లు గెలిచినాడని గూడా రాయి తల్లీ" అన్నాడు బసవప్ప.

"రెండే" అన్నాడు షఫీ భాయ్. "మూడోసారి ఆవలోడు రానే రాలేదు గదా!"

"నన్ను చూసే రాలేదప్పా!"

నవ్వుల మధ్యే షఫీ, కర్రసాము అనీ, నాగవేణి, ఖోఖో అనీ రాశాను. నా పేరు పక్కన మిషన్ అని రాయమంది మేడం. ఇక మిగిలింది ఆమె పేరు. గోదాము గోడ మీద, వయసులో ఉన్నప్పుడు కప్పు పట్టుకుని దిగిన ఆమె ఫోటో ఒకటి ఉండేది. అది చూసి, అడగకుండానే ఫెన్సింగ్ అని రాయబోయాను.

"కబడ్డీ" అంది.

నా పెన్ను ఆగిపోయింది. "అదేంది మేడం, మీరు ఫెన్సింగ్ చాంపియన్ గదా?"

"నేనెప్పుడు చెప్పినానే? టీచర్లకు నెల్లాళ్ల ట్రైనింగ్ పెడితే నలభై రెండో యేట పట్టినా కత్తి. ఒక్క పోటీ ఆడలేదు. ఆ కప్పు కబడ్డీది."

"హౌదా, నిజమా!" అన్నాడు బసవప్ప నోరు తెరిచి. "ఇన్నేండ్లు నన్ను పొడిచింది కబడ్డీ ఆమెనా!"

మేడం లేచి నిలబడింది. గోడ మీది ఫోటోనే చూస్తూ చెప్పింది. "ఫైనల్లో ఆఖరి కూత. సిరుగుప్ప దిక్కు పిల్ల, గంగ అని, కూతకొచ్చింది. పోతా పోతా నా చీలమండకు రెండు వేళ్లు తగిలించింది. నాకు తెలిసింది. అంపైరుకు కనపళ్లేదు. 'తగిలిందా?' అన్నాడు. లేదంటిని. మేం గెలిస్తిమి. ఆ కప్పుతోనే నాకు ఈ ఉద్యోగం."

ఆపి, ఆ పొద్దు ఎత్తని చెయ్యిని ముప్పై ఏళ్లు దాటాక ఆ గోదాములో, మా నలుగురి ముందు, పైకెత్తింది. "తగిలింది" అంది.

మా అందరికీ చెయ్యెత్తడం నేర్పిన మనిషి! ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, నా వైపు చూడను కూడా లేదు. అదే భరించలేకపోయాను. చెయ్యెత్తాను. "నాకూ తగిలింది మేడం. నాలుగూ నాలుగు దగ్గర." షఫీ భాయ్ "తౌబా" అని గొణిగాడు. మేడం చాక్ ముక్క తీసి "యాడ?" అంది. చూపించాను. నేను దులిపేసిన చోటే తెల్ల చుక్క పెట్టింది. ఫారం చివర నాగవేణి పేరు నాచేతే రాయించింది. నాగవేణి ముసుగు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే మేడం "నా యెంట రా" అని నన్ను సిరుగుప్ప బస్సెక్కించింది. ఏళ్ల తరబడి ఆ బస్సెక్కి, సగం దారిలో దిగి వెనక్కొచ్చేదట. "నువ్వుంటే దిగను" అంది. అడుగుతూ అడుగుతూ పోతే, గంగమ్మ కాలవ పక్కన మడిలో నారు పీకుతూ కనపడింది. నాట్ల గుంపుకి మేస్త్రి ఆమె. మేడం పేరు చెప్పగానే "కబడ్డీ ఎస్తేరా? ఏమే, ఇంత లావైతివి!" అని గట్టుకొచ్చింది. మేడం నవ్వలేదు. చెయ్యెత్తి, "గంగా, ఆ పొద్దు నాకు తగిలింది" అంది.

ఎన్నడో మరిచిపోయాను పోవే అంటుందని నేను అనుకున్నాను. గంగమ్మ బురద చెయ్యి తిప్పి వేళ్లు చూసుకుంది.

"రెండు వేళ్లు గదా?"

"రెండే."

"అదే చెప్పినా ఇంట్లో. మా నాయన, 'అంపైరు లేదనె, ఆ పిల్ల లేదనె, నీ చెయ్యొక్కటే నిజం చెప్తాదా?' అన్నాడు. అప్పట్నుంచి నా చేతి మీద నాకే నమ్మకం పాయనే ఎస్తేరూ. తగల్నిదాన్ని తగిలిందనుకుంటి, నాకేమో పిచ్చి అనుకుంటి. మళ్లా కబడ్డీ కోర్టులో అడుగు పెట్టలే." అని గిర్రున తిరిగి, మడిలో ఉన్న ఆడవాళ్లకి వినపడేటట్టు కేక పెట్టింది. "మే! తగిలిందంట! తగిలిందంటనే!"

వాళ్లకి ఏమీ అర్థం కాలేదు. గంగమ్మకి కప్పు పోయిందనీ, రావలసిన ఉద్యోగం పోయిందనీ మాత్రమే నేను ఊహించుకున్నాను. ఒక అబద్ధం ఎదుటి మనిషి చేతినే ఆ మనిషికి కాకుండా చేస్తుందని ఎన్నడూ అనుకోలేదు. గంగమ్మ క్షమించాననలేదు, అన్నం తినిపొమ్మనలేదు. పోయే ముందు వంగి, మేడం చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, చీలమండ మీద రెండు వేళ్లు పెట్టింది. "ఈడనే గదా?" అంది. "ఈడనే" అంది మేడం. పక్కనే కాలవ నిండా నీళ్లున్నాయి. మేడం కాలు కడుక్కోలేదు. బస్సులో బళ్ళారి దాకా ఆ రెండు బురద మరకల్నే చూస్తూ కూర్చుంది.

నేను బస్టాండ్ నుంచి ఇంటికి పోలేదు. నేరుగా నాగవేణి హాస్టలుకి పోయాను. గేటు బయటే చెప్పాను. "నీ చెయ్యి తప్పలేదే. ఈడ తగిలింది. సరిగ్గా ఈడ." అది నా పక్కటెముక వైపు చూసింది. "తెల్సులే" అంది మొదట. తర్వాత, "ఆ పూట మాత్రం తెలీలేదు. నా కత్తిని నేనే అనుమానపడితి" అంది. ఆ తర్వాత పోటీల్లో మూడో ఆట దాకా పోయి ఓడిపోయి వచ్చింది. అక్కడ లైటు వెలుగుతున్నా, తగిలిన ప్రతిసారీ చెయ్యెత్తిందని అందరూ నవ్వారట.

హాస్టలుకి పోయిన మరుసటి రోజే మిషన్ మీద నా జాకెట్ పెట్టి, మేడం పెట్టిన చుక్క చుట్టూ జీన్స్ జేబులకి వేసే నారింజ దారంతో గట్టిగా కుట్టేశాను. అరచేత్తో ఎంత దులిపినా పోదు. ఇప్పుడు గోదాము తాళంచెవి నా దగ్గరే ఉంది. కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు, "ఇదేందక్కా, చిరిగిందా?" అని.

"లేదు. నాగవేణి కొట్టింది" అంటాను. "నాకు తగిలింది."