తెల్లగుర్రం రావాలి

మా బావ పోయాక కూడా ఆయన బండి చాలాకాలం రోజూ పొద్దున స్టార్ట్ అయ్యేది.

నాచారంలో మేముండే అపార్ట్‌మెంట్ పాతది. కింద పార్కింగ్‌లో ఏ చిన్న చప్పుడైనా రెండో అంతస్తులో మా వంటగదిలోకి వచ్చేస్తుంది. అక్క స్నానం చేసి, కిందికి దిగి, బండి స్టార్ట్ చేసి, కాసేపు అలాగే ఉంచి ఆపేసేది. నడపడం ఆమెకు రాదు. ఎందుకే ఇదంతా అని అడిగితే, "తియ్యకుంటె బ్యాటరీ దిగిపోతది" అనేది. నేను టీ గిన్నె ముందు నిలబడి ఆ చప్పుడు వింటుంటే బావ డ్యూటీకి బయలుదేరుతున్నట్టే ఉండేది. తర్వాత మెట్ల మీద అడుగులు వినిపించేవి. అక్క అడుగులే అని తెలుసు. అయినా తలుపు తెరుచుకునేదాకా అటే చూసేదాన్ని. నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, దయ్యాలూ గియ్యాలూ నమ్మను. కానీ ఆ కాసేపు మాత్రం భయం వేసేది. దాచుకోవడం ఎందుకు.

బావ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. ఒక మధ్యాహ్నం షిఫ్టులో ఉండగానే గుండె ఆగిపోయింది. టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిన మనిషిని దవాఖానా నుంచి తెచ్చుకున్నాం. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన వైపు పెద్దవాళ్లూ లేరు. అందుకని అమ్మా నేనూ ఉప్పల్‌లో మా అద్దె ఇల్లు ఖాళీ చేసి అక్క దగ్గరికి వచ్చేశాం. ఆమెకు తోడుగా ఉందామని వచ్చినవాళ్లం, ఆ ఇంటి తీరుకు మేమే అలవాటు పడిపోయాం. బియ్యం పోసేటప్పుడు అమ్మ చెయ్యి ఆయన వంతు కూడా కలిపే పోసేది. బాత్రూం బయట తీగ మీద ఆయన తువ్వాలు అలాగే ఉండేది. అక్క దాన్ని ఉతికి మళ్లీ అక్కడే ఆరేసేది.

ఆ రోజుల్లోనే అక్క టారో కార్డులు తెప్పించుకుంది. హబ్సిగూడలో ఒక కోచింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫీసులో ఆమెది అడ్మిషన్ల పని. అక్కడ హాస్టల్ పిల్లలు ఎవరో ఫోన్లో వీడియోలు చూపించారట. పేకముక్కల కంటే పొడుగ్గా, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మతో ఉంటాయవి. కలిపి, కళ్లు మూసుకుని ఒకటి తీస్తే, ఆ రోజుకు దాని అర్థం చూసుకోవాలి. నేనూరుకోలేదు. "ఉప్పల్ రింగురోడ్డు కాడ చిలక జోస్యమాయన దగ్గరికి పోతె చిలకనన్న సూసొస్తుంటివి" అన్నాను. అక్క నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

అప్పటి నుంచి రోజూ బండి ఆపి పైకి రాగానే మంచం మీద కూర్చుని ఒక కార్డు తీసేది. చిన్న పుస్తకంలో దాని అర్థం చదువుకుని, కట్ట సర్దేసి, ఆఫీసుకు వెళ్లేది.

అదే ఇన్‌స్టిట్యూట్‌లో ఫిజిక్స్ చెప్పే సార్ ఒకాయన ఉన్నారు. కోస్తా వైపు మనిషి. ఈ ఊరొచ్చి చాలా ఏళ్లయింది. భార్య జబ్బు చేసి పోయింది, ఒక్కరే ఉంటారు. బావను దవాఖానాలో పెట్టిన రోజు చీకటి పడేదాకా గేటు దగ్గర నిలబడ్డది ఆయనే. ఏడాది దాటాక, దాపరికం లేకుండా అక్కనే అడిగారు, మీకిష్టమైతే పెళ్లి చేసుకుందామని. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి అన్నారట. అక్క ఆ సంగతి ఇంట్లో చెప్పింది. అమ్మ ఆశ్చర్యపోలేదు సరికదా, "మనిషి మంచిగున్నడు బిడ్డా. ఒక్కదానివి ఎన్ని దినాలుంటవు" అంది. మా అమ్మ నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు.

"మరి ఏం చెప్తవు?" అని నేను అడిగాను, ఇద్దరమే ఉన్నప్పుడు.

"డెత్ కార్డు రావాలె. అది వచ్చిననాడు సరేనని చెప్త."

అక్క నా మొహం చూసి, ఫోన్లో ఆ కార్డు బొమ్మ తీసి నా చేతికిచ్చింది. నల్ల ఇనప కవచం తొడుక్కున్న అస్థిపంజరం తెల్లగుర్రం మీద కూర్చుని ఉంది. చేతిలో నల్లజెండా, జెండా మీద తెల్ల గులాబీ. గుర్రం కాళ్ల దగ్గర ఒక రాజు వెల్లకిలా పడి ఉన్నాడు. పసుపు బట్టల పూజారి ఒకాయన చేతులు జోడించి గుర్రానికి ఎదురుగా నిలబడ్డాడు. మోకాళ్ల మీద కూలబడిన ఒక అమ్మాయి మొహం పక్కకు తిప్పేసుకుంది. ఆమె పక్కన చిన్న పిల్ల మాత్రం గుర్రాన్నే చూస్తోంది. వెనకాల నది, నదిలో పడవ, ఇంకా దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు.

"అందరు దీన్ని సూసి భయపడ్తరట" అంది అక్క. "కని చావని కాదే అర్థం. ఒక బతుకు అయిపోయింది, ఇంకోటి మొదలువెట్టు అని. గుర్రం తెల్లగుంది సూడు, దానికి ఎవ్వరి మీద కోపం లేదు. రాజని ఆగదు, పూజారి మొక్కిండని ఆగదు. జెండ నల్లదే, పువ్వు తెల్లది."

"ఆ పొద్దు పొడుస్తుందా, గూకుతుందా?"

అక్క ఫోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. "పొడుస్తుందనే పుస్తకంల ఉంది. నాకైతె గూకినట్టే కనపడ్తది."

"ఇండ్ల నువ్వెవరు?"

"మొహం తిప్పుకున్న పిల్లను."

"మరి నేను?"

"నువ్వు పూజారివి. గుర్రానికి గూడ క్లాసు పీకుతవు."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ మర్నాడు పొద్దున కింద బండి స్టార్ట్ కాగానే నాకు బావ గుర్తుకు రాలేదు. మొహం లేని ఆ రౌతు కనిపించాడు. స్టవ్ ఆపేసి బాల్కనీలోకి వెళ్లి కిందికి తొంగి చూశాను. అక్క ఒక్కతే హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉంది, పక్కన ఎవరో ఎక్కుతుంటే ఆగినట్టు. నేను లోపలికి వచ్చేశాను.

ఆ కార్డు రాలేదు. చంద్రుడొచ్చాడు, చక్రమొచ్చింది, తలకిందులుగా వేలాడే మనిషైతే పదేపదే వచ్చాడు. తెల్లగుర్రం మాత్రం రాలేదు. వానాకాలం పోయి చలికాలం వచ్చింది. నేను టీ తెచ్చే నెపంతో గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. అక్క కార్డు తిప్పి చూసి, "కాదు" అని కింద పెట్టేది. ఆ మాటలో నిరాశ ఉందనే అనుకున్నాను.

ఇంతలో సార్‌ను బెజవాడ బ్రాంచికి వెళ్లమన్నారు. ఆయన అక్కతో అన్నారట, "మీరు ఉండమంటే మాట్లాడుకుని ఇక్కడే ఉండిపోతాను. ఏమీ అనకపోతే ఈ నెలాఖరుకు వెళ్తాను మేడమ్" అని. అక్క ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కార్డులు ముందేసుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మంచి మనిషి రైలెక్కి వెళ్లిపోతుంటే, మా అక్క ఒక అట్టముక్క కోసం బతుకును ఆపుకుని కూర్చుంది.

సరే, రాకపోతే రప్పిద్దామనుకున్నాను. ఆ ఆదివారం అక్క కూరగాయలకు వెళ్లగానే కట్ట తీశాను. డెత్ కార్డు వెతికి దాచుకుని, మర్నాడు అక్క కట్ట కలిపి కళ్లు మూసుకోగానే అన్నిటికంటే పైన పెట్టెయ్యాలని నా ఉపాయం. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్నట్టుంది, ఉండుండి అరుపులు వినిపిస్తున్నాయి. మంచం మీద కార్డులన్నీ పరిచాను. లేదు. మళ్లీ ఒక్కొక్కటీ తీసి చూశాను. పరుపు కింద, అట్టపెట్టెలో, అక్క బ్యాగులో కూడా చూశాను. నిజంగానే లేదు. రోజూ ఇదే మంచం మీద ఆమె వెతుకుతున్నది ఈ కట్టలో లేనిదాన్నే అన్నమాట. కార్డులు సర్దేసి హాల్లోకి వెళ్లాను.

అమ్మ కూర్చుని చుక్కకూర తుంచుతోంది. "అక్క కార్డులల్ల ఒకటి లేదు. సూసినవా?" అన్నాను.

"గుర్రం మీద బొక్కలోడా?" అంది అమ్మ తలెత్తకుండానే. "వచ్చిననాడే చింపి మోరీల ఏసిన. చావు కాయితం ఎవలన్న ఇంట్ల పెట్టుకుంటరా?"

మా ఇళ్లలో పెళ్లికార్డుకు నాలుగు మూలలా పసుపు రాస్తారు, దేవుడి అల్మారాలో ఏళ్ల తరబడి దాస్తారు. దశదిన కర్మ కార్డును మాత్రం గుమ్మం దగ్గరే చదివి, చింపి బయట పడేస్తారు. బావవి కొన్ని మిగిలాయి. వాటి మీద ఆయన ఫోటో బాగా వచ్చిందని, ఒక్కటి ఉంచుకుంటానని అక్క బతిమాలింది. అమ్మ వినలేదు. అన్నీ కలిపి చింపేసింది. అలాంటి మనిషి ఎముకల బొమ్మను ఇంట్లో ఉండనిస్తుందా. చదువు రాకపోయినా బొమ్మ చూస్తే తెలుస్తుంది కదా.

"అది వస్తెనే సార్‌ను చేసుకుంటనన్నదే అక్క" అన్నాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమెకు ఈ సంగతి తెలియదు. చావు పేరెత్తితే తిడుతుందని మేమే చెప్పలేదు. "నాకేమెరుక బిడ్డా" అంది. తర్వాత మెల్లగా, "ఆ బొక్కలోన్ని మళ్ల తెప్పియ్యరాదు, జల్ది" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అక్క వచ్చింది. వంటగదిలో సంచి పెట్టి టమాటలు బుట్టలో పోస్తోంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అమ్మ మీద వచ్చింది అక్క మీద తీశాను.

"నువ్వు ఎదురుసూసే కార్డు అండ్ల లేనే లేదు. అమ్మ మొదటిరోజే చింపేసింది. ఇన్ని నెలల సంది లేని గుర్రం కోసం కూసున్నవు."

అక్క టమాటలు పోయడం ఆపలేదు. "నాకెరుకే" అంది.

"ఎట్లెరుక?" అన్నాను.

"ఆ రోజు లంచ్ బాక్స్ మర్సిపోయి బస్టాపు కాడికెళ్లి వాపస్ వచ్చిన. గేటు బయట మోరీ కాడ నిలవడి అమ్మ చింపుతుంది. నన్ను సూడలే."

"మరి అది వచ్చిననాడు చెప్తనని ఎందుకన్నవు?"

"అది రాదని ఎరుక గనకనే అన్న." అక్క గొంతు మామూలుగానే ఉంది. "అమ్మ చింపుతుంటె నాకు మంచిగనిపిచ్చిందే. ఆ కార్డు ఇంట్ల లేకుంటె ఆయన పోనట్టే అనిపిచ్చింది. రోజు ఒకటి తీసుడు, అది కాదని సూసుడు. ఇయ్యాల గూడ ఉన్నడనుకునుడు. నువ్వు నోరు తెరిచి చెప్పకుంటె ఇంకొన్నొద్దులు నడుస్తుండె."

అని బుట్ట పక్కకు జరిపి, వంటగట్టు పట్టుకుని ఏడ్చింది. దశదిన కర్మ రోజు ఏడువు బిడ్డా, లోపల పెట్టుకోకు అని ఎందరు చెప్పినా ఏడవని మనిషి. బావ నిజంగా పోయింది ఆ సాయంత్రమే అనిపించింది నాకు. చాలా జాలేసింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. కోపం ఎటు పోయిందో తెలియదు. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

మొహం కడుక్కున్నాక అక్క సార్‌కు ఫోన్ చేసి, రేపు ఒకసారి ఇంటికి రండి అని మాత్రం చెప్పింది. సరే అంటుందా, వెళ్లిపొమ్మంటుందా, నేనడిగినా చెప్పలేదు.

బావ వాడిన కేన్ కుర్చీ ఒకటి హాల్లో బాల్కనీ వైపు ఉండేది. మేమెవరం అందులో కూర్చునేవాళ్లం కాదు. సార్ వచ్చే వేళకు అమ్మ దాన్ని లోపలికి జరపబోయింది.

"ముట్టకమ్మా" అంది అక్క. "పక్కకు ఇంకోటి వెయ్యి."

సార్ వచ్చారు. చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, రెండు కుర్చీలూ చూసి ఆగారు. అక్క కొత్తగా వేసిన కుర్చీ చూపించింది. ఆయన కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. అమ్మ గోడ దగ్గర చాప మీద కూర్చుని ఉంది.

"సార్, మా ఆయన ఈ ఇంట్లనే ఉన్నడు" అంది అక్క. "పోతడనుకున్న, పోలేదు. రేపు పోతడని నేను మాటియ్యలేను. పెండ్లయినంక గూడ గిట్లనే ఉంటది. మీకు సమ్మతమేనా?"

ఆయన టీ కప్పు కింద పెట్టి, ఖాళీ కుర్చీ వైపు చూశారు. తర్వాత అక్క వైపు తిరిగారు.

"మా ఆవిడ కూడా మా ఇంట్లోనే ఉంది మేడమ్. ఒక్కదాన్నే అక్కడ వదిలేసి రాలేను. వస్తే ఇద్దరం రావాలి."

అమ్మ చాప మీది నుంచి లేచి, లోపలికెళ్లి, ఇంకో కుర్చీ తెచ్చి సార్ పక్కన వేసింది.