బ్రోకరు సుశీల్ పెట్టిన వీడియో

సుశీల్ కుమార్ గెలిచిన గొడవను మగ్దలీనమ్మ లేఅవుటు గేటు ముందున్న తన ఇడ్లీ బండి దగ్గర నుంచే చూసింది. మైపాడులో రొయ్యల గుంటలు పూడ్చి వేసిన, తానే ప్లాట్లు అమ్మిపెట్టే లేఅవుటులో నీళ్లు ఉప్పగా ఉన్నాయని అతను నెట్‌లో వీడియో పెట్టాడు. తన కడుపు తానే కొట్టుకునే బ్రోకరును ఆమె అంతకుముందు ఎరగదు. లేఅవుటు మేనేజరు చంద్రమౌళి అతని మీదికొచ్చాడు.

"వీడియో తీసెయ్ రా! కొబ్బరినీళ్ల మాదిరి ఉండాయి మా నీళ్లు."

"అయితే తాగన్నా," అని సుశీల్ బోరు నీళ్లు చెంబుతో పట్టి ఇచ్చాడు. ఒక్క గుక్కకే చంద్రమౌళి మొహం వంకర తిరిగింది. కొనడానికి వచ్చినవాళ్లు నవ్వుకుంటూ కారెక్కారు.

ఆ గెలుపు ఎంతో కాలం నిలవలేదు. లేఅవుటు వాళ్లు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టించి నెట్‌లో అతని పేజీ మూయించారు. అతనికి బేరాలిచ్చే వాళ్లూ మొహం చాటేశారు.

ఒక మధ్యాహ్నం అతను వచ్చి బండి పక్క బల్ల మీద కూలబడ్డాడు.

"నెట్‌లో ఎవురైనా ఏమైనా మాట్లాడొచ్చంటారు పెద్దమ్మా. బీచి పక్కన స్వర్గమని వాళ్లు పెట్టిన బొమ్మ ఇంకా తిరగతానే ఉండాది. నా మాటే లేకుండా పోయింది."

"మళ్లీ పెట్టరాదా అబ్బయా?"

"ఓపిక లేదు. పెట్టేకొద్దీ మూయిస్తారు."

ఆమె ఇచ్చిన ఇడ్లీ అతను ముట్టలేదు.

"ప్లాట్లు చూసేదానికి వచ్చినోళ్లు నీ కాడే ఆగతారు. అడిగినా అడక్కపోయినా ఉండేది చెప్పు పెద్దమ్మా. నీ నోరు మూయించే మొనగాడు మైపాడులో ఇంకా పుట్టలేదు."